బోరు నీళ్లలో గుల్ల చేపలు

నేను నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రొంపిచెర్ల, ముప్పాళ్ళ, ఈపూరు వైపు ఊళ్ల నుంచి బోరు నీళ్లు సీసాల్లో వస్తాయి. వాటిలో సున్నం ఎంత, ఫ్లోరైడ్ ఎంత, మురుగు కలిసిందా లేదా చూసి, కాగితం మీద ‘తాగడానికి పనికివస్తాయి’ అనో ‘పనికిరావు’ అనో రాసి పంపడం నా పని. మా వైపు నేలంతా సున్నపురాయి. అందుకని రెండో మాటే ఎక్కువ రాస్తాను. రాసేటప్పుడు నాకేమీ అనిపించదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అనిపించేదేమో, గుర్తు లేదు.

నరసరావుపేటలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. అప్పటికి ఇంట్లోవాళ్లు నా పెళ్లి మాట ఎత్తడం మానేశారు. ఒక్కదాన్నే. కింద ఇంటివాళ్లు, మొగుడూ పెళ్లామూ. ఆయన్ని బాబాయ్ అనీ ఆమెను పిన్ని అనీ పిలిచేదాన్ని. బాబాయ్ మాచర్ల వైపు క్వారీల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లింగ్ మిషన్ పట్టిన మనిషి. ఆ మిషన్ మోతకూ బండలు పేల్చే తూటాల చప్పుడుకూ రెండు చెవులూ పోయాయి. చెవి మిషన్ ఒకటి కొన్నారు గానీ అది ఈల వేస్తుందని బీరువాలో పడేశాడు. చదువుకోలేదు కాబట్టి రాసి చూపించడానికీ లేదు. ఆయనతో ఏదైనా చెప్పాలంటే దగ్గరికి వెళ్లి అరవాలి. పిన్ని ఆ పని ఎంత అలవాటుగా చేసేదంటే, మామూలు మనుషులతో మాట్లాడినా వీధి చివరిదాకా వినిపించేది.

నేను ఆ ఇంట్లో దిగిన నెలకే బాబాయ్‌కీ నాకూ చెడింది. నా గిన్నెల అడుగున తెల్లగా పొర కడుతుంటే, ఇంటి బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేశాను. ఎవరూ అడగలేదు. సున్నమూ ఎక్కువే, ఫ్లోరైడూ ఎక్కువే. మంచి మాటే కదా అని కాగితం తెచ్చి పిన్ని చేతిలో పెట్టాను. ఆమె ఆయన చెవి దగ్గర అరిచి చెప్పింది.

ఆ బోరు సంగతి నాకు తర్వాత తెలిసింది. వీధిలో మిగతా బోర్లన్నీ ఎండిపోయిన ఏడాది బాబాయ్ బోరులో నీళ్లు పడ్డాయట. ఎక్కడ వేయాలో ఆయనే రాతి వరస చూసి గుర్తు పెట్టాడట. ఆ వేసవి అంతా వీధి వీధే బిందెలు పట్టుకుని ఆయన గుమ్మం ముందు నిలబడింది. అలాంటి బోరుకు నేను ‘పనికిరావు’ అని కాగితం తెచ్చాను.

“ఈ నీళ్లు తాగే ఇన్నేళ్లు బండలు కొట్టింది,” అన్నాడు బాబాయ్, నా వైపు చూడకుండా. “నిన్నగాక మొన్నొచ్చి నా బోరుకి వంకలు పెడతందా?”

ఆ తర్వాత అయిదు నెలలు నాతో మాట్లాడలేదు. నేనూ కల్పించుకోలేదు. వాళ్లు ఆ నీళ్లే తాగేవాళ్లు. నేను మాత్రం క్యాన్ నీళ్లు తెప్పించుకునేదాన్ని. క్యాన్ బండి వచ్చినప్పుడల్లా ఆయన మొహం అటు తిప్పుకునేవాడు.

ఒకరోజు ల్యాబ్‌లో మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఆఫ్రికాలో టాంగన్యీకా అనే పెద్ద సరస్సు. దాని అడుగున ఇసుక మీద చచ్చిపోయిన నత్తల గుల్లలు గుట్టలుగా పడి ఉంటాయి. ఆ గుల్లల్లో కాపురం ఉండే చేపలున్నాయి. బొటనవేలంత కూడా ఉండవు. ఒంటినిండా సన్నటి చారలు. గుల్లలోనే నిద్ర, గుల్లలోనే గుడ్లు. అలికిడైతే గుల్లలోకి దూరిపోతాయి. ఇంట్లో పెంచాలంటే ఆ సరస్సు అడుగుభాగంలాగే తొట్టి అమర్చాలనీ, నీళ్లలో సున్నం బాగా ఉండాలనీ, మామూలు నీళ్లయితే ఏవేవో ఉప్పులు కలపాలనీ ఆ వీడియోలో మనిషి చెబుతున్నాడు. ఆయన చెప్పిన లెక్కలు ఒక కాగితం మీద రాసుకుని, సొరుగులో ఉన్న మా ఇంటి బోరు రిపోర్టు తీసి పక్కన పెట్టాను. రెండూ దాదాపు ఒకటే.

నాకు చేపల మీద అంతకుముందు ఏ ఇష్టమూ లేదు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన చూడటమే కారణం అనుకుంటాను. ఏడేళ్లుగా నేను పనికిరావని రాస్తున్న నీళ్లు సరిగ్గా అవే కావాలనే ప్రాణి ఒకటుంది. ఉంటే చూడాలనిపించింది.

గాజు తొట్టి గుంటూరు నుంచి తెచ్చాను. రెండడుగుల పొడవు. ఆటోవాడు, నేను కలిసి మెట్లెక్కిస్తుంటే బాబాయ్ అడ్డం వచ్చాడు.

“ఇందులో నీళ్లు పోస్తావా?”

తలూపాను.

“ఇసకా?”

దానికీ తలూపాను.

“పైన వద్దు. ఆ శ్లాబు పాతది. వరండాలో పెట్టుకో.”

అయిదు నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాటలు అవి. నా మీద దయతో కాదు, శ్లాబు మీద భయంతో. మర్నాడు సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చేసరికి కింద వరండాలో గోడవారగా నాపరాతి బండలతో ఒక దిమ్మె కట్టి ఉంది. పైబండ మీద గిన్నెతో నీళ్లు పెట్టి, అవి ఏ పక్కకూ ఒరగడం లేదని పిన్నికి చూపిస్తున్నాడు. నన్ను చూసి గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఇసుక కడగడానికి రెండు ఆదివారాలు పట్టింది. సన్నటి ఇసుకే కావాలి. ఆ చేపలు నోటితో ఇసుక తీసి ఊసి, గుల్ల చుట్టూ గుంట చేసుకుంటాయి. ముతకదైతే తవ్వలేవు. పిండి జల్లెడతో పట్టి, బకెట్లో వేసి కడిగాను. ఎన్నిసార్లు కడిగినా నీళ్లు బురదగానే వచ్చేవి. గుల్లలు మా ల్యాబ్ అటెండరమ్మ తెచ్చింది. ఆమెది ముప్పాళ్ళ దగ్గర పల్లెటూరు. వరి కోసిన పొలాల్లో, కాలువ గట్ల మీద నత్త గుల్లలు కావలసినన్ని ఉంటాయంది. ఒక సంచీ నిండా ఏరుకొచ్చింది. కొన్నింట్లో నత్త కుళ్లి ఉంది. వాటిని మేడ మీద పాత గిన్నెలో ఉడకబెడుతుంటే ఆ కంపుకి పిన్ని పైకి వచ్చింది.

“ఏందమ్మా ఇది? మనుషులం బతకొద్దా?”

“చేపలకి ఇళ్లు, పిన్నీ.”

“చేపలకి ఇళ్లేందే!” అని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది గానీ కిందికి పోలేదు. అంచు విరిగిన గుల్లలు చేపకు గీసుకుంటాయని నేను పక్కన పడేస్తుంటే, తనూ కూర్చుని వేలితో అంచు తడిమి ఏరడం మొదలుపెట్టింది. ముప్పై దాకా తేలాయి.

అడుగున నాలుగు వేళ్ల మందం ఇసుక. మధ్యలో గుల్లలు, కొన్ని నోరు పైకి, కొన్ని పక్కకి. వెనక గోడకు ఆనించి నాలుగు రాళ్లు. స్పాంజి ఫిల్టర్, దానికి గాలి మోటార్. ఇంతే. మొక్కలు లేవు, రంగుల లైట్లు లేవు, నోరు తెరిచి మూసే ప్లాస్టిక్ బొమ్మలు లేవు. నీళ్లు పోసి నెలరోజులు ఊరికే వదిలేయాలి. చేపల మలాన్ని విరిచే సూక్ష్మజీవులు ఆ నెలలో పుడతాయి. ఇది చెప్పినా వీధిలో ఎవరూ నమ్మలేదు. గేటు దగ్గర ఆగి చూసి నవ్విపోయేవాళ్లు. బాబాయ్ రోజూ కుర్చీ వేసుకుని ఆ ఖాళీ తొట్టి ముందు కూర్చునేవాడు.

“నెల నుంచి రాళ్లు పెంచుతుంది,” అన్నాడు ఒకరోజు, పక్కింటాయనతో, ఎప్పట్లాగే బిగ్గరగా. ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

చేపలు హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చాయి. థర్మోకోల్ పెట్టెలో ఆరు ప్లాస్టిక్ సంచులు, సంచికో చేప. ఒకటి చచ్చిపోయి ఉంది. మిగతా అయిదింటిని బకెట్లోకి వంచి, మందుల షాపులో కొన్న సెలైన్ పైపుతో మా బోరు నీళ్లు చుక్క చుక్కగా అందులోకి వదిలాను. రెండు గంటలు. బాబాయ్ కుర్చీలో నుంచి లేచి వచ్చి ఆ పైపునీ, పడుతున్న చుక్కలనీ చూశాడు.

“యాడియ్యి ఈ నీళ్లు?”

వేలితో బోరు వైపు చూపించాను.

“నా బోరువా?”

తలూపాను. ఇంకేమైనా చెప్పాలా అని ఒక క్షణం ఆలోచించాను. తర్వాత ఆయన చెవి దగ్గరికి వంగి అరిచాను. “ఈ నీళ్లే కావాలంట వీటికి! వేరేవైతే బతకవంట!”

బాబాయ్ గేటు దాకా నడిచి, వీధిలోకి ఒకసారి చూసి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. సాయంత్రానికి వీధి మొత్తానికి తెలిసింది. ఆఫ్రికా చేపలు ఆయన బోరు నీళ్లు తప్ప తాగవని.

ఆ మాట తర్వాత నాకే అడ్డం తిరిగింది. మోకాళ్లు పట్టేస్తున్నాయని బాబాయ్ మూలుగుతుంటే, ఈ నీళ్లు మానమని పిన్ని చేత మళ్లీ చెప్పించాను. ఆయన తొట్టి వైపు చెయ్యి చూపించాడు. “అయ్యి తాగతన్నై గదా. నాకేంది?” చేపకు మంచిదైంది మనిషి ఎముకకు మంచిది కాదని అరిచి చెప్పాను. వినపడలేదన్నట్టు చెయ్యి ఊపాడు. నిజంగా వినపడలేదో లేదో నాకు తెలియదు. నేను రాసిచ్చిన కాగితానికి నా చేపలే ఎదురు సాక్ష్యం చెప్పాయి.

ఆదివారం పొద్దున పిన్ని చర్చికి వెళ్లేది. బాబాయ్ వెళ్లడం మానేసి చాలా ఏళ్లయింది. ప్రసంగం వినపడనప్పుడు కూర్చుని ఏం చేయాలి అనేవాడు. నేను తొట్టిలో నీళ్లు మార్చేది ఆదివారమే. రెండు బకెట్లు తీసి, రెండు బకెట్లు పోయాలి. ఆయన కుర్చీలో ఉండేవాడు, నేను పని చేసుకునేదాన్ని. ఆ చేపల దగ్గర మాటలతో పని లేదు. ఏదైనా జరిగితే ఆయన వేలు చూపించేవాడు, నేను చూసేదాన్ని.

చూడటానికి చాలానే జరిగేది. ఒక్కో చేప ఒక్కో గుల్ల చూసుకుంది. అన్నిట్లోకీ పెద్దది మగది. నేను వరసగా అందంగా పేర్చిన గుల్లలు దానికి నచ్చలేదు. ఇసుక నోట్లో నింపుకుని, అటు పోయి ఊసి, మళ్లీ వచ్చి నింపుకుని, వారం తిరిగేసరికి సగం గుల్లల్ని నోరు మాత్రం పైకి కనపడేట్టు పాతేసింది. ఒకటి వెనక రాళ్ల దాకా దొర్లించుకుపోయింది. బాబాయ్ దాన్ని మేస్త్రి అనేవాడు. “చూడు, ఎట్టా తవ్వతందో. ఒక్కపూట ఖాళీగా ఉండదు.” ఆడవి రెండు ఒకే గుల్ల కోసం కొట్టుకుంటుంటే, ఆయన పిన్నిని కేకేసి పిలిచి చూపించేవాడు. నేను కొన్న రాళ్ల అంచులు పదునుగా ఉన్నాయని చెప్పి, వాటిని తీయించి, నాపరాతి ముక్కలు తెచ్చి అంచులు ఉలితో కొట్టి గుండ్రం చేసి ఇచ్చాడు.

పిల్లల్ని మొదట చూసింది ఆయనే. ఒక గుల్ల నోటి దగ్గర, కనురెప్ప వెంట్రుకంత. నేను నమ్మలేదు, నలక అనుకున్నాను. ఆ నలక కదిలింది. తల్లి వచ్చి దాన్ని లోపలికి తోసింది. నాలుగు నెలలకు తొట్టిలో చిన్నా పెద్దా కలిపి ఇరవై దాకా అయ్యాయి.

ఆ వర్షాకాలంలో మా వీధి మంచినీళ్ల పైపు పగిలి మురుగు కలిసింది. నాలుగైదు ఇళ్లలో వాంతులూ విరేచనాలూ. ఒక శనివారం నమూనాలు పరీక్ష చేసి, సాయంత్రం నేనే ఇంటింటికీ తిరిగి సంపుల్లోనూ మేడ మీది ట్యాంకుల్లోనూ బ్లీచింగ్ పౌడర్ వేయమని చెప్పాను. ఎంత వేయాలో చెంచాతో కొలిచి చూపించాను. మా ఇంటికి ఆ పైపు లేదు, ట్యాంకులోకి బోరు నీళ్లే ఎక్కుతాయి; అయినా మురుగు బోరులోకి దిగి ఉంటుందేమోనని మా ఇంట్లోనూ చెప్పాను. బాబాయ్ మెట్లెక్కి స్వయంగా వేసి వచ్చాడు. రోజంతా ఆ పౌడర్ పట్టుకుని తిరగడం వల్ల నా చేతులకూ బట్టలకూ అదే వాసన. మర్నాడు పొద్దున స్నానం నీళ్లలోనూ వచ్చే ఉంటుంది. నాకు తెలియలేదు.

ఆదివారం కాబట్టి అలవాటుగా రెండు బకెట్లు తీసి, ట్యాంకు కుళాయి నుంచి రెండు బకెట్లు పట్టి తొట్టిలో పోశాను. పోసి, బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లాను.

“అమ్మాయ్!” కింద నుంచి బాబాయ్ గొంతు. “అమ్మాయ్, చేపలు పైకొచ్చినై! నోళ్లు తెరుస్తన్నై!”

ఆ చేపలు అడుగునే ఉంటాయి. పైకి రావు. మెట్లు దిగుతుండగానే నాకు అర్థమైంది. బకెట్ అడుగున మిగిలిన నీళ్లు వాసన చూశాను. క్లోరిన్. ఏడేళ్లుగా నేను కొలుస్తున్న క్లోరిన్, ముందురోజు నేనే వేయించిన క్లోరిన్.

ల్యాబ్‌లో హైపో అనే ఉప్పు ఉంటుంది. క్లోరిన్ కలిసిన నీళ్లు నమూనా పట్టేటప్పుడు, ఆ క్లోరిన్‌ని విరిచేయడానికి సీసాలో వేస్తాం. తాళం చెవి నా దగ్గరే ఉంది. బండి తీస్తూ బాబాయ్‌కి చేతులతో సైగ చేశాను, మగ్గుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ ఉండమని. కాస్త గాలి తగిలితే క్లోరిన్ కొంతైనా పోతుంది. ఆయనకు ఎందుకో తెలియదు. అడగలేదు కూడా.

వెళ్లి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నేను వచ్చేసరికి బాబాయ్ వరండాలో నిలబడి ముంచుతూ, పోస్తూ ఉన్నాడు. చొక్కా, పంచె తడిసిపోయాయి. ఆయాసపడుతున్నాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపేదాకా ఆపలేదు. హైపో కలిపి పోశాను. అప్పటికే మగది పక్కకు తిరిగి తేలుతోంది. చిన్నవి ఇసుక మీద పడి ఉన్నాయి.

మధ్యాహ్నానికి నాలుగు మిగిలాయి. రెండు ఆడవి, రెండు పిల్లలు. నాలుగూ గుల్లల లోపల లోతుగా ఉన్నవే. లోపలి నీళ్లు బయటి నీళ్లతో ఆలస్యంగా కలిసి ఉంటాయి. అది నా ఊహ మాత్రమే.

పిన్ని చర్చి నుంచి వచ్చింది. బాబాయ్ తడిబట్టలతోనే కుర్చీలో ఉన్నాడు. ఏమైందయ్యా అంటే, “పౌడరు నేనే ఎక్కువేశా,” అన్నాడు. “చెంచా సరిగా చూడలా. చేతులారా చంపుకున్నా.” ఆమె అన్నానికి పిలిచినా లేవలేదు.

“మీరు సరిగ్గానే వేశారు బాబాయ్,” అన్నాను.

వినపడలేదు. తొట్టి వైపే చూస్తున్నాడు.

దగ్గరికి వెళ్లాను. “తప్పు నాది! మీరు సరిగ్గానే వేశారు!”

“ఏంది?”

“తప్పు నాది! ఆ నీళ్లు పోయకూడదు! నాకు తెలుసు! తెలిసి కూడా చూసుకోకుండా పోశాను!”

ఎదురింటామె గేటు దగ్గరికి వచ్చింది. పక్కింటివాళ్ల తలుపు తెరుచుకుంది. నిన్న ఇదే వీధిలో చెంచా పట్టుకుని అందరికీ చెప్పిన మనిషిని. నా పనిలో గొంతు పెంచాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. ఏ మాటైనా కాగితం మీద రాసి పంపేస్తాను, చదువుకునేవాళ్ల మొహాలు చూడను. ఆ రోజు మూడోసారి కూడా అరిచాను. మూడోసారి గొంతు బొంగురుపోయింది.

బాబాయ్ నా మొహం వైపు చూశాడు. “అరవమాక. వినపడింది,” అన్నాడు. లేచి వెళ్లి పొడి చొక్కా వేసుకుని వచ్చాడు. చచ్చిపోయిన చేపల్ని నేను కవర్లో వేస్తుంటే, కవరు తీసుకుని కరివేపాకు చెట్టు మొదట్లో చిన్న గుంట తీసి కప్పేశాడు. తర్వాత ముగ్గురం అన్నం తిన్నాం. నేను వాళ్లింట్లో తినడం అదే మొదటిసారి. పిన్ని వంకాయ కూర వండింది.

తర్వాత కొన్ని వారాలు తొట్టి చూడబుద్ధి కాలేదు. మేత వేసి వచ్చేసేదాన్ని. బాబాయ్ మాత్రం కూర్చునేవాడు. బోరు మోటార్ దగ్గరే ట్యాంకుకి పోకముందు ఒక కుళాయి బిగించి, చేపలకు ఇక్కడి నుంచే పట్టమని చూపించాడు. వారం తర్వాత క్యాన్ బండి కింద కూడా ఆగడం గమనించాను. పిన్ని రెండు క్యాన్లు లోపలికి దొర్లించుకుంది.

మిగిలిన పిల్లల్లో ఒకటి త్వరగా పెరిగింది. రెక్కల అంచు నీలంగా తిరిగింది. ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. పాత మగదానికంటే దుడుకు. మేత వేయబోతే నా వేలిని కరవడానికి వచ్చేది. చలికాలం వెళ్లేలోగా మళ్లీ గుల్లల నోటి దగ్గర వెంట్రుకల్లాంటి పిల్లలు కనిపించాయి. ఈసారి లెక్కపెట్టలేదు.

ఈ ఏడాది నాకు గురజాలకు బదిలీ అయింది. తొట్టి తీసుకుపొమ్మన్నాడు బాబాయ్. వద్దన్నాను. నీది నువ్వు తీసుకుపోవాలి గదా అని పంతం పట్టాడు. చివరికి మూడు గుల్లలు తీసుకోవడానికి ఒప్పుకున్నాను. చేపల్ని పట్టడం కష్టం. గుల్ల నోటికి వేలు అడ్డం పెట్టి నీళ్లలో నుంచి ఎత్తడమే. లోపల ఎవరున్నారో తెలియదు. ఏ మూడో ఆయనే చూపించాడు. మూత ఉన్న బకెట్లో ఇసుకా, బోరు నీళ్లూ, మూడు గుల్లలూ పెట్టి ఆటోలో నా కాళ్ల దగ్గర సర్దాడు. పిన్ని గేటు దగ్గర ప్రార్థన చేసింది, వీధి మొత్తానికీ వినపడేట్టు. బాబాయ్ బకెట్ మూత గట్టిగా ఉందో లేదో రెండుసార్లు చూశాడు.

గురజాల గదిలో చిన్న తొట్టి కొని పెట్టాను. ఇక్కడి నీళ్లలో సున్నం ఇంకా ఎక్కువ. మొదటి సాయంత్రమే రెండు చేపలు బయటికి వచ్చాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మూడో గుల్ల ఖాళీ. పదిరోజుల తర్వాత చిన్నది అందులోకి మారింది.